బేస్‌మెంట్‌ను కాపాడటానికి వాన తోట, ఇంకుడు బావి: సర్జాపుర రోడ్డు నుంచి పది నెలల డైరీ

మాది బెంగళూరు సర్జాపుర రోడ్డు దగ్గర నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. పదహారు ఫ్లాట్లు, కింద బేస్‌మెంట్ పార్కింగ్. 2022 సెప్టెంబరు 4 రాత్రి మొదలై 5వ తేదీ పొద్దుటికల్లా నగరంలో 131.6 మి.మీ. వాన పడింది. మా బేస్‌మెంట్‌లో మోకాలి పైదాకా నీళ్ళు. తొమ్మిది స్కూటర్లు, లిఫ్ట్ గుంతలో వైరింగ్ మొత్తం పోయాయి. దానికి మేం చేసింది ఏమిటంటే ఇంకా పెద్ద పంపు కొనడం.

2024 మార్చిలో అదే బేస్‌మెంట్‌లో నిలబడి ట్యాంకర్ నీళ్ళ వంతు కోసం కొట్లాడుకున్నాం. నగరంలోని 13,900 బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పిన నెల అది. మా బోరు ఆ లెక్కలో ఉందో లేదో గానీ, అదీ ఎండింది. నేను పుట్టింది హిందూపురంలో. నీళ్ళు ఎక్కువై ఏడవడం, నీళ్ళు లేక ఏడవడం ఒకే ఇంట్లో చూస్తానని అనుకోలేదు.

ఇంకెవరైనా చేస్తే మా తప్పులు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను. ఖర్చు ఎక్కడికక్కడ కూడుతూ వచ్చాను.

దశ 0: లెక్క (జనవరి)

చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క వస్తే చాలు.

1. టెర్రస్ 400 చ.మీ. సగం నీళ్ళు ముందు వైపు పైపుల్లోంచి, సగం వెనక వైపు పైపుల్లోంచి దిగుతాయి.
2. ముందు కాంక్రీటు దారి 90 చ.మీ. దాని వాలు నేరుగా బేస్‌మెంట్ ర్యాంప్ వైపే ఉంది. ఈ వాలు పెట్టిన మేస్త్రీని ఇప్పటికీ రోజూ తలుచుకుంటాం.
3. 2022 నాటి వాన మళ్ళీ పడితే 490 చ.మీ. మీద 64,484 లీటర్లు.

ప్లాన్: ముందు పైపుల నీళ్ళు, దారి మీది నీళ్ళు కాంపౌండ్ గోడ పక్కనున్న 12 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు జాగాలోకి మళ్ళించాలి. అది చుట్టూ నేల కంటే 15 సెం.మీ. పల్లంగా ఉండే మొక్కల మడి. దాన్నే వాన తోట అంటున్నాను. వెనక పైపుల నీళ్ళు వడకట్టి ఇంకుడు బావిలోకి పంపాలి.

తోట పైన 3,600 లీటర్లు నిలుస్తాయి, మట్టి సందుల్లో ఇంకో 2,700 దాకా పడతాయి. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు బావిలో దాదాపు 4,000. మొత్తం కలిపి 10,300 లీటర్లు. అంటే 2022 వానలో ఆరో వంతు. మీటింగ్‌లో ఈ అంకె చెప్పగానే సగం మంది మొహాలు వాడిపోయాయి. చెప్పకుండా ఉంటే డబ్బులు త్వరగా వచ్చేవేమో. కానీ రోజూ వారీ 20 మి.మీ. వానలను ఇది మింగేస్తుంది, పెద్ద వానకు కాస్త టైము కొని పెడుతుంది. అంతకుమించి ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు.

వాన నీటి సేకరణ ఇక్కడ 2009 నుంచే చట్టంలో ఉంది. మా బిల్డరు కూడా పాటించాడు: వెనక మూల నాలుగడుగుల గుంత, నిండా కంకర. మూత ఎత్తితే కంకర పైన అడుగు మందాన ఒండ్రు, అందులో ఒక బొప్పాయి మొక్క.

పనిముట్లు: రైన్ గేజ్, మట్టం చూసే నీళ్ళ ట్యూబ్, సెం.మీ. గుర్తులు పెట్టిన కర్ర, ఫోన్లో స్టాప్‌వాచ్.
ఖర్చు: 630. ఇప్పటివరకు: 630 రూపాయలు.

దశ 1: నేల ఎంత తాగుతుంది (ఫిబ్రవరి)

మొదటి తప్పు ఇక్కడే. అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి 20 సెం.మీ. నీళ్ళు పోశాను. గంటా పది నిమిషాల్లో ఖాళీ. గంటకు 17 సెం.మీ. సంతోషంగా గ్రూపులో ఫోటో కూడా పెట్టాను.

ఫిబ్రవరిలో ఎండిన నేల స్పాంజిలా పీలుస్తుంది. వాన పడే రోజుల్లో ఆ నేల అప్పటికే తడిసి ఉంటుంది కదా. ఊళ్ళో కుంటలు తవ్వించిన మా నాన్న ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న "రాత్రంతా నానబెట్టినావా?" అని. లేదు.

మళ్ళీ చేసిన పద్ధతి:
1. సాయంత్రం గుంత నింపి రాత్రంతా నాననివ్వాలి.
2. పొద్దున మళ్ళీ నింపి పూర్తిగా ఇంకనివ్వాలి.
3. మూడోసారి నింపి, గంటకోసారి కర్రతో కొలవాలి.
4. ఒక చోట కాదు, కనీసం మూడు చోట్ల.

మూడు గుంతల్లో గంటకు 2.4, 2.2, 0.3 సెం.మీ. వచ్చింది. రెండు పరవాలేదు. గంటకు 2 సెం.మీ. చొప్పున 15 సెం.మీ. నీళ్ళు ఏడెనిమిది గంటల్లో దిగుతాయి. మూడోది ఎందుకలా ఉందో తవ్వేదాకా తెలియలేదు.

దశ 2: తవ్వకం (ఫిబ్రవరి చివర)

70 సెం.మీ. లోతు తవ్వాం. మూడో గుంత దగ్గర 40 సెం.మీ. కింద బిల్డరు పాతిపెట్టిన కాంక్రీటు ముక్కలు, సిమెంటు సంచులు గట్టిపడి పలకలా తయారై ఉన్నాయి. గడ్డపార దిగలేదు, బ్రేకర్ తెప్పించాల్సి వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు ఇది ముందే ఊహించుకోండి. పైన కనిపించే ఎర్రమట్టి చాలాసార్లు మేకప్ మాత్రమే.

బేస్‌మెంట్ గోడకూ తోటకూ మధ్య 3.4 మీటర్ల దూరం ఉంది. 3 మీటర్ల కంటే దగ్గరైతే నేను ఈ పనికి దిగేదాన్నే కాదు. ఆ గోడకు లోపలి వైపు సుద్దతో గళ్ళు గీసి ఫోటోలు తీసి పెట్టాను, తర్వాత చెమ్మ వస్తే పోల్చి చూడటానికి.

ముగ్గురు మనుషులు, నాలుగు రోజులు, రోజుకు 900 చొప్పున 10,800. ఆరు ట్రాక్టర్ల మట్టి బయటికి, 9,000. బ్రేకర్ మా సెక్రటరీగారి బావమరిదిది, ఉచితం.
ఖర్చు: 19,800. ఇప్పటివరకు: 20,430.

దశ 3: నింపడం, నాటడం (మార్చి)

కింద 10 సెం.మీ. కంకర. ఇక్కడ దాన్ని జల్లి అంటారు, షాపులో కంకర అంటే నన్ను తేడాగా చూశారు. దాని పైన 45 సెం.మీ. మిశ్రమం: సగం ఎం శాండ్ (నది ఇసుక బదులు రాయిని దంచి చేసే ఇసుక), 30 శాతం మా ఎర్రమట్టి, 20 శాతం కంపోస్ట్. పైన ఎండుటాకులు పరిచాం. ఎం శాండ్, ఎండుటాకులు: ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకోండి, తర్వాత వస్తాయి.

మొక్కలు: మెట్ట తామర, చేమ, సరస్వతి ఆకు, అంచుల్లో వట్టివేరు. మూడో అంతస్తు పిన్నిగారు అడిగారని కనకాంబరాలు కూడా.
ఖర్చు: మట్టి సామాను, పైపులు 21,500, మొక్కలు 4,650. ఇప్పటివరకు: 46,580.

దశ 4: బావి (మార్చి, ఏప్రిల్ మొదట్లో)

బెంగళూరు చుట్టుపక్కల తరతరాలుగా బావులు తవ్వేది మన్ను వడ్డరులు. మన వైపు వడ్డెర్లంటాం. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. కన్నడంలో బేరం మొదలుపెట్టిన మేస్త్రీ, నేను మా నాన్నతో ఫోన్లో మాట్లాడటం విని "మీది యా ఊరు మేడమ్?" అని తెలుగులోకి దిగాడు. రేటు మాత్రం తగ్గించలేదు.

బావి ఎక్కడ అన్న దగ్గర మా ఇద్దరికీ పడలేదు. పాత ఇంకుడు గుంతనే లోతు చేద్దామని నా ఆలోచన. ఆయన వద్దన్నాడు. "ఈ పై మన్ను నీళ్ళు తాగదు మేడమ్. పన్నెండడుగులు దాటినంక ఒక పొర ఉండాది, అది బాగా తాగతాది. ఆ గుంతలో బురద దిగి కింద ముసుకుపోయింటాది, దాన్ని ముట్టొద్దు." ఆరు అడుగులు పక్కకు జరిగి కొత్తగా తవ్వాడు. పదమూడో అడుగు దగ్గర ఎర్రమట్టి పోయి, చేత్తో నలిపితే పొడయ్యే మెత్తటి రాయి తగిలింది. ఇరవై అడుగుల దగ్గర ఆపేశాడు.

కట్టిన పద్ధతి:
1. ఒక్కోటి అడుగు ఎత్తున ఇరవై సిమెంటు ఒరలు. ఒరకూ ఒరకూ మధ్య సిమెంటు పూయకూడదు, నీళ్ళు పక్కలకు కూడా పోవాలి.
2. ఒరలకు బయట, మట్టికి మధ్య సందంతా జల్లి.
3. పైన ఇనుప మూత, తాళం. పిల్లలున్న ఇల్లు, దీనిలో బేరం లేదు.
4. బావిలోకి టెర్రస్ నీళ్ళు మాత్రమే. దారి మీద కార్ల నూనె ఉంటుంది, ఆ నీళ్ళు తోట మట్టిలోకే గానీ బావిలోకి పంపొద్దు.
5. ఏడాది మొదటి వాన నీళ్ళు బయటికి వదిలేయడానికి పైపుకు వాల్వు.

పరీక్షకు కొత్త నీళ్ళు పోయడానికి మనసొప్పలేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగే రోజు దాకా ఆగి ఆ 2,000 లీటర్లు వదిలాం. బావిలో పది అడుగులు లేవాలి. రెండడుగులే లేచింది. మేస్త్రీ చెప్పిన పొర భలే తాగుతోందని చప్పట్లు కొట్టబోయాం. చూస్తే మిగతా నీళ్ళన్నీ ఫిల్టర్ తొట్టిలోనే ఆగి, పొర్లి పక్కకు పోతున్నాయి. తొట్టిలో జల్లికి చుట్టిన ఫిల్టర్ గుడ్డ ట్యాంకు అడుగు మడ్డికి ఒక్క దెబ్బకు మూసుకుపోయింది. గుడ్డ తీసేసి, పై నుంచి ఎత్తి కడుక్కునే స్టీల్ జాలీ పెట్టాం, దాని కింద 20 మి.మీ. జల్లి, అడుగున 40 మి.మీ. జల్లి. చేత్తో తీసి కడగలేని ఫిల్టర్‌ను వానాకాలంలో ఎవరూ కడగరు.
ఖర్చు: బావి 46,000, ఫిల్టర్ తొట్టి 9,500. ఇప్పటివరకు: 1,02,080.

దశ 5: మొదటి వాన, 41 గంటలు (ఏప్రిల్)

26 మి.మీ. తోట అంచు దాకా నిండింది. ఏడెనిమిది గంటల్లో ఖాళీ కావాలి కదా? మర్నాడు పొద్దున అలాగే ఉంది. ఆ సాయంత్రానికి కూడా ఉంది. మొత్తం 41 గంటలు.

గుంటూరు నుంచి వచ్చి మూడో అంతస్తులో ఉంటున్న బాబాయిగారు బాల్కనీ నుంచి రెండు పూటలా చూసి చూసి కిందికి దిగారు. "ఏమ్మా, పార్కింగులో నీళ్ళు తీసి తోటలో పెట్టావా? డెంగ్యూ వస్తే ఎవరు చూస్తారు?" దోమ గుడ్డు నుంచి పెద్ద దోమ కావడానికి వారం పైనే పడుతుందని, 48 గంటల్లోపు నీళ్ళు దిగితే భయం లేదని చెప్పాను. ఆయన గడియారం చూసుకుని "ఇంకా ఏడు గంటలే ఉంది నీకు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కారణం వెతికిన తీరు: మడిలోని మట్టి ఒక గుప్పెడు సీసాలో వేసి, నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి పెట్టాను. రాత్రికి ఇసుక అడుగున చేరింది, పైన తెల్లటి పిండి మిగిలింది. షాపు నుంచి మిగిలిన ఎం శాండ్‌తో కూడా అదే చేస్తే పది సెం.మీ. ఇసుక మీద రెండు సెం.మీ. పిండి. రాయిని దంచి చేసే ఇసుకలో ఉండే రాతి ధూళి ఇది. గోడకు పనికొస్తుంది. తోటలో మాత్రం వాన నీళ్ళతో దిగి మట్టి సందులన్నీ పూడ్చేసింది. ఇంకే వేగం కొలిస్తే గంటకు 0.4 సెం.మీ.

ఏం మార్చాం:
1. మొక్కలు జాగ్రత్తగా పీకి గోనెల్లో పెట్టాం. కనకాంబరాలు అప్పటికే కుళ్ళాయి.
2. పై 20 సెం.మీ. మట్టి తీసేశాం. ధూళి ఎక్కువగా అక్కడే చేరింది.
3. కడిగిన ముతక ఇసుక, 6 మి.మీ. జల్లి, పాత మట్టి, కొంచెం కంపోస్ట్ కలిపి నింపాం. కంపోస్ట్ 10 శాతానికి తగ్గించాం, మొదటిసారి వేసినదాంట్లో చాలావరకు తేలి కొట్టుకుపోయింది.
4. పైపు నీళ్ళు పడే చోట మట్టి గుంత పడింది. అక్కడ రెండు పిడికిళ్ళంత రాళ్ళు పరిచాం.

మళ్ళీ నానబెట్టి కొలిస్తే గంటకు 3.5 సెం.మీ.
ఖర్చు: 13,900. ఇప్పటివరకు: 1,15,980.

ఇసుక లోడు దిగకముందే సీసా పరీక్ష చేసి ఉంటే ఈ 13,900 మిగిలేది. సీసా ఖరీదు సున్నా.

దశ 6: మే 18 రాత్రి

మా గేజ్‌లో 92 మి.మీ. తోట నిండుతుందని, పొర్లుతుందని తెలుసు. పొర్లిన నీళ్ళు రోడ్డు కాలువలోకి పోవడానికి 4 అంగుళాల పైపు పెట్టాం. రాత్రి ఒంటిగంటకు వాచ్‌మన్ ఫోన్: "మేడమ్, నీళ్ళు ర్యాంప్ దిగుతున్నాయి."

గొడుగు తీసుకోకుండా పరుగెత్తాను. తోట మీద ఎండుటాకులన్నీ తేలి, పైపు మూతి దగ్గర చేరి మూత వేసినట్టు కూర్చున్నాయి. చేత్తో లాగేస్తే పైపు గుడగుడమని లాగడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు అదీ ఆగింది. రోడ్డు కాలువ నిండి, నీళ్ళు పైపులోంచి వెనక్కి మా తోటలోకి వస్తున్నాయి. మా వీధి నీళ్ళు రాజకాలువలో, అంటే నగరం వాన నీళ్ళు మోసే పెద్ద కాలువలో పడి బెళ్ళందూరు చెరువుకు పోవాలి. రాజకాలువే నిండితే మా అపార్ట్‌మెంట్ ఎంత తెలివిగా తోట పెంచినా రోడ్డుకు తెలియదు. బేస్‌మెంట్‌లో 4 సెం.మీ. నీళ్ళు చేరాయి. పంపు గంటన్నరలో తోడేసింది. అయినా అవమానంగానే ఉంది.

డైరీ అంతటిలో నాకు ముఖ్యం అనిపించింది ఇదే. మూడు నెలలు నీళ్ళు లోపలికి ఎలా తేవాలో ఆలోచించాను, ఎక్కువైతే ఎటు పోతాయో మాత్రం ఒక సాయంత్రంలో తేల్చేశాను. తోట కొలతలకు ఎన్ని రోజులు పెడతారో పొర్లుడు దారికీ అన్ని రోజులు పెట్టండి.

ఏం మార్చాం:
1. పైపు తీసేసి, అంచులో 60 సెం.మీ. వెడల్పున తెరిచిన రాతి గండి పెట్టాం. చెరువుకు నీళ్ళు వదిలే తూము, ఎక్కువైనవి పొర్లిపోయే అలుగు రెండూ ఎందుకుంటాయో ఇంత పెద్దయ్యాక తెలిసింది. నేను అలుగు మర్చిపోయాను.
2. ఎండుటాకుల బదులు గులకరాళ్ళు. తేలవు.
3. గండి అంచు ర్యాంప్ నోరు కంటే 10 సెం.మీ. కిందుగా ఉండేలా నీళ్ళ ట్యూబుతో మట్టం చూశాం. మొదట కంటితో చూసి సరిపోయిందనుకున్నాం, ట్యూబు పెడితే 3 సెం.మీ. మాత్రమే తేడా.
4. ర్యాంప్ నోటి దగ్గర 12 సెం.మీ. ఎత్తున హంప్, రోడ్డు నీళ్ళు వెనక్కి వస్తే ఆపడానికి. ఇది సిమెంటే, ప్రకృతి ఏమీ లేదు. రెండూ కావాలి. తక్కువ ఎత్తు కార్ల వాళ్ళు ఇద్దరు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు.

ఖర్చు: 11,400. ఇప్పటివరకు: 1,27,380.

దశ 7: వెనక గట్టు, వట్టివేరు (జూన్)

మా వెనక ఖాళీ సైటు నాలుగడుగులు ఎత్తు. వాన పడ్డప్పుడల్లా దాని ఎర్రమట్టి జారి మా వెనక కాలువలో చేరేది, వానకు ఆరు బకెట్లు. ఓనరుతో ఫోన్లో ఒప్పించుకుని గట్టు మీద 30 మీటర్ల చొప్పున రెండు వరసల వట్టివేరు పెట్టాం. పిలకకూ పిలకకూ 15 సెం.మీ., మొత్తం 400. మైసూరు వైపు రైతులు పొలం గట్లకు ఎప్పటినుంచో వేసుకునే గడ్డే. వేళ్ళు పక్కలకు కాకుండా నిట్టనిలువుగా దిగుతాయి, అందుకే గట్టును పట్టుకుంటుంది.

తెచ్చినవి తెచ్చినట్టే నాటాం. 90 ఎండిపోయాయి. ఆకులు జానెడు ఉంచి కత్తిరించాలి, వేళ్ళు నాలుగు అంగుళాలకు కోయాలి, అప్పుడే కొత్త వేరు తొడుగుతుంది. వరసలు వాలుకు అడ్డంగా ఉండాలి, కిందికి పెడితే నీళ్ళకు కాలువ తీసి ఇచ్చినట్టే. ఎండిన చోట్ల ఆగస్టులో మా తోట అంచుల్లోని వట్టివేరు చీల్చి పెట్టాం. అక్టోబరులో ఒకటి తవ్వి చూస్తే వేరు 70 సెం.మీ. దిగింది. కాలువలో మట్టి వానకు రెండు బకెట్లు.
ఖర్చు: 2,400. మొత్తం: 1,29,780. ఫ్లాటుకు 8,111. వసూలైంది తలా 7,000 చొప్పున 1,12,000. మిగతా 17,780 కోసం సెక్రటరీగారు ఇంకా తలుపులు తడుతున్నారు.

దశ 8: అక్టోబరు చివరి దాకా కొలతలు

ఆగస్టు: 34 మి.మీ., ఐదు గంటల వాన. తోట అంచు దాకా వచ్చింది, పొర్లలేదు. ఐదు గంటల్లో ఖాళీ.
సెప్టెంబరు: 61 మి.మీ., రెండు గంటల్లో. గండి మీంచి యాభై నిమిషాలు పొర్లింది. బేస్‌మెంట్ పొడి. బావి నిండి పొర్లింది, పది గంటల్లో దిగింది.
అక్టోబరు: 48 మి.మీ. పొర్లింది. బేస్‌మెంట్ పొడి. సుద్ద గళ్ళ మీద చెమ్మ లేదు.

హంప్, గండి పెట్టిన తర్వాత 100 మి.మీ. దాటిన వాన మాకు ఇంకా పడలేదు. కాబట్టి 2022 లాంటి రాత్రికి ఇది నిలిచిందని నేను చెప్పను. బోరులో నీళ్ళు పెరిగాయా అని అందరూ అడుగుతున్నారు. ఈ వానాకాలం ఊరందరి బోర్లలోనూ కాస్త పెరిగాయి, మా బావి పుణ్యం ఎంతో విడదీయడం నా వల్ల కాలేదు.

చేయాల్సినవి:
1. ప్రతి వాన తర్వాత స్టీల్ జాలీ కడగడం. వాచ్‌మన్‌కు నెలకు 300 అదనం, మెయింటెనెన్స్‌లో కలిపాం.
2. తుంగ తనంతట తానే వచ్చి సరస్వతి ఆకును మింగేస్తోంది. పీకాలి, లేదా ఓటమి ఒప్పుకోవాలి.
3. బావి అడుగున చేరిన మడ్డి ఫిబ్రవరిలో తీయించాలి. మేస్త్రీకి ఇప్పుడే చెప్పి పెట్టాను, అప్పుడు ఆయన దొరకడు. లోపలికి మనిషి దిగేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఇద్దరు ఉండాలి.
4. రైన్ గేజ్ ఇప్పుడు బాబాయిగారి బాల్కనీలో ఉంది. పొద్దున ఏడింటికి అంకె గ్రూపులో పెడుతున్నారు, కింద తోట ఎన్ని గంటలకు ఖాళీ అయిందో కూడా. 48 దాటితే నాకు ఫోన్ చేస్తానని చెప్పారు.